ఎనిమిది గ్రాముల వెండి

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల చివర్లో, కెమిస్ట్రీ డిగ్రీ కొత్తగా చేతికొచ్చినవాడికి లోకమంతా దొంగలే కనిపించేవారు. అందరికీ కాదేమో గానీ నాకు కనిపించేవారు. ఆ గుణం నాకు చౌడేపల్లె పెద్దమ్మ దగ్గర అంటింది. ఆమె పాలవాడి చెంబు అడుగున వేలు పెట్టి చూసేది. బస్సులో కునుకు తీయాలంటే ఒక చెప్పు ఒళ్ళో పెట్టుకునేది (ఒంటి చెప్పు ఎవడూ ఎత్తుకుపోడు కదా అని). అలాంటి పెద్దమ్మకు, తన అత్త ఇచ్చిన ఇత్తడి దీపానికి వెండి పూత వేయించాలని బుద్ధి పుట్టింది. మదనపల్లెలో ఆ పని చేసే ఆయన్ని అందరూ యాసిడప్ప అనేవాళ్ళు.

"వాడు వెండి మిగిలించుకుంటాడురా. నువ్వు సదివినోడివి గదా, ఆడే కూసోని సూడు" అని నన్ను కాపలా పెట్టింది. నా మూడేళ్ళ చదువుకి దొరికిన మొదటి ఉద్యోగం అదే.

యాసిడప్ప దీపాన్ని తిప్పి చూసి, "కడిగి ఆరబెట్టినాంక తూకమేస్తామప్పా" అన్నాడు. కడిగినాక ఎందుకు? తిరకాసు అందులోనే ఉందనిపించింది. "ఏమొద్దు, ఇట్లే తూకమెయ్యి" అన్నాను. పక్కనే నగలు చేసే ఆయన త్రాసులో తూయించి, అంకెను అరచేతి మీద రాసుకున్నాను. తర్వాత యాసిడప్ప దీపాన్ని లోపలికి తీసుకెళ్ళి, తళతళలాడేలా కడుక్కొచ్చి వెండి ద్రావణంలో వేలాడదీసి కరెంటు పెట్టాడు. మీటరు ముల్లు రెండు ఆంపియర్ల దగ్గర నిలబడింది. నేను గంటసేపు గడియారం మీంచి కన్ను తిప్పలేదు. ఆయన టీ తెప్పించి ఇస్తే తాగలేదు (మత్తుమందు కలిపి ఉంటాడేమోనని). ఒక ఆంపియరు గంటసేపు పారితే నాలుగు గ్రాముల వెండి దిగుతుంది. రెండు ఆంపియర్లకి ఎనిమిది. పుస్తకంలో ఉన్న మాట, పొల్లుపోదు.

మళ్ళీ తూస్తే దీపం ఎనిమిది గ్రాములు పెరగలేదు సరికదా, ఇరవై రెండు గ్రాములు తగ్గింది.

అప్పుడే బస్సు దిగి వచ్చిన పెద్దమ్మ, "వెండి ఎయ్యకపోగా ఇత్తడి గూడా గీక్కున్యాడు!" అని గుండెలు బాదుకుంది. నేను సూత్రం చదివి మరీ యాసిడప్పను దొంగని చేశాను. అంగట్లో ఉన్న ఒకాయన, ఎందుకొచ్చిన గొడవని, పూతకి తెచ్చిన గిన్నెలను సంచిలో సర్దుకోసాగాడు. యాసిడప్ప ముఖం పాలిపోయింది. లోపలికెళ్ళి ఒక కాగితం పొట్లం తెచ్చాడు.

"దీన్ని గూడా తూకమెయ్యప్పా."

పొట్లంలో నల్లగా, ఎర్రగా గట్టిపడిన జిడ్డు. పెద్దమ్మ ఇంట్లో దీపాన్ని పైపైన తుడవడమే గానీ చింతపండు పెట్టి తోమరు, లక్ష్మి కడుక్కుపోతుందని. నూనె జిడ్డు, మసి, శుక్రవారం శుక్రవారం పాతదాని మీదే పెట్టిన పసుపూ కుంకుమా.

"పసుపు కుంకుమ కాలవలో కలపకూడదని గీకి దాసిపెట్టినా" అన్నాడు.

తూస్తే ముప్ఫై గ్రాములు. ముప్ఫై పోయింది, ఎనిమిది చేరింది.

"నీ లెక్క సరిగ్గానే ఉండాదప్పా" అన్నాడు యాసిడప్ప. అందులో ఎగతాళి ఇసుమంతైనా లేదు. ఉంటే బాగుండేది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెద్దమ్మ మాత్రం మమ్మల్నెవరినీ చూడలేదు. ఆ పొట్లం అందుకుని, "మాయత్త పెట్టిన బొట్టు గూడా దీంట్లోనే ఉంటాది" అంటూ కొంగున ముడేసుకుని బస్టాండు వైపు నడిచింది. వెండి దీపాన్ని మరిచేపోయింది. దాన్ని పట్టుకుని నేను వెనకాల పరిగెత్తాను.

తర్వాత కుప్పంలో చాలా ఏళ్ళు పిల్లలకి ఇదే లెక్క చెప్పాను. "ముందు లోహపు పలకని కడగాలి, ఆరబెట్టాలి, ఆ తర్వాతే తూచాలి" అని గట్టిగా అరిచేవాణ్ణి. సారుకి శుభ్రత ఎక్కువని పిల్లలు అనుకునేవారు. తప్పయిందని చెప్పడానికి యాసిడప్ప అంగడికి ఒకసారి పోయాను గానీ, అప్పటికే అక్కడ సైకిళ్ళు బాగుచేస్తున్నారు. ఆ రోజు ఆయన ఇచ్చిన టీ అన్నా తాగి ఉండాల్సింది.