అత్తయ్యగారి పట్టు డ్రెస్సు

ఆ పట్టుచీర మీద కత్తెర పెట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది. చీర నాది కాదు, మా అత్తయ్యగారిది. వంకాయ రంగు, సన్నటి ఆకుపచ్చ అంచు, మా పెళ్ళిలో ఆవిడ కట్టుకున్నది. నేల మీద దుప్పటి వేసి చీర పరిచాను, చాక్‌పీసుతో గీతలు గీశాను, దులిపేశాను, లేచి వెళ్ళి టీ పెట్టుకున్నాను. చివరికి ఆవిడే గుమ్మంలోకి వచ్చి, "కొయ్యమ్మా. బీరువాలో పడుండి అదేం చేస్తుంది?" అన్నారు.

రెండేళ్ళ క్రితం ఆవిడకు పక్షవాతం వచ్చింది. నడక మెల్లగా తిరిగొచ్చింది కానీ ఎడమచెయ్యి పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు. ఒంటి చేత్తో కుచ్చిళ్ళు పెట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఇంకొకరు చీర కడతామంటే ఆవిడ ఒప్పుకోరు. స్నానమైనా, బట్టలైనా తలుపు వేసుకుని, ఎంతసేపు పట్టినా తన పని తనే చేసుకోవాల్సిందే. అలా నైటీల్లోకి మారారు, ఆపైన ఇల్లు కదలడం మానేశారు. మండవల్లి దగ్గర మా చేపల చెరువు గట్టున నిలబడి, చేపలు పట్టే రోజున అంతమంది చేత పని చేయించిన మనిషి, ఏలూరులో మా ఇంటి వీధి గుమ్మం కూడా దాటేవారు కాదు.

ఇంతలో తాడేపల్లిగూడెం నుంచి ఆవిడ తమ్ముడుగారు శుభలేఖ పట్టుకుని వచ్చారు. మనవరాలి పెళ్ళి. తల్లి పోయాక ఆ తమ్ముణ్ణి పెంచింది మా అత్తయ్యగారే. "నువ్వు రాకపోతే నేను పీటల దగ్గర నిలబడను అక్కా" అని ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఈవిడ చూద్దాంలే అన్నారు. ఆయన వెళ్ళాక నాతో మెల్లగా, "నైటీ వేసుకుని పెళ్ళికి వెళ్తానా అమ్మా?" అన్నారు.

డ్రెస్సు కుడతానని నేను అప్పుడే అనేశాను. ఈ వయసులో డ్రెస్సేమిటి, జనం నవ్విపోరూ అని ఆవిడ కొట్టిపారేశారు. మా స్కూల్లో రిటైరవబోయే టీచర్లు కూడా వేసుకుంటున్నారని చెప్పి ఊరుకున్నాను. మూడో రోజు పొద్దున్న ఆ వంకాయరంగు చీర నా మిషను మీద మడతపెట్టి ఉంది. పక్కనే ఆది జాకెట్టు కూడా.

టైలరుకి కొలతల కోసం పాత జాకెట్టు ఇవ్వడం మనకి అలవాటే కదా. నేనూ మారు మాట్లాడకుండా తీసుకున్నాను. నిజం చెప్పాలంటే హాయిగా అనిపించింది. నేను కాపురానికొచ్చి పంతొమ్మిదేళ్ళయింది. ఈ పంతొమ్మిదేళ్ళలో మా ఇద్దరి మధ్య ఒక్క మాట పట్టింపు లేదు, అసలు మాటలే పెద్దగా లేవు. పండక్కి ఆవిడ పాదాలకు దండం పెట్టడం తప్ప నేను ఆవిణ్ణి ముట్టుకున్నది కూడా లేదు.

నేను లెక్కల టీచర్ని. పిల్లలు స్కేలు కాస్త పక్కకి పెట్టి గీత గీస్తే పుస్తకం వెనక్కి విసిరే రకం. ఆ జాకెట్టుని మూడుసార్లు కొలిచాను. ఎడమచెయ్యి ఎత్తనవసరం లేకుండా ముందువైపు తెరిచి టిచ్ బటన్లు పెట్టాను, ప్యాంటుకి ఎలాస్టిక్ వేశాను. లైనింగు ముందే తడిపి ఆరబెట్టాను. వారం రోజులు స్కూలు నుంచి రాగానే అదే పని. పెళ్ళి ఇంకో నాలుగు రోజులుందనగా చేతికిచ్చాను. ఆవిడ తలుపు వేసుకున్నారు.

చాలాసేపటికి తలుపు తీశారు. భుజాలు కిందికి వేలాడుతున్నాయి. ఛాతీ దగ్గర గుడ్డంతా లూజుగా పోగుపడి, డ్రెస్సుని మనిషికి కాక కుర్చీకి తగిలించినట్టుంది. ఆవిడ అద్దంలో చూసుకుని, నా మొహం చూసి, "బాగుందమ్మా, శ్రమపడ్డావు" అన్నారు. విప్పేసి, తిన్నగా మడతపెట్టి, "పెళ్ళికి మీరిద్దరూ వెళ్ళిరండి" అని మంచం మీద పడుకున్నారు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. పట్టు మీద, మిషను మీద, ఊరికే ఎదురుపడిన మావారి మీద. డ్రెస్సు సంచిలో కుక్కుకుని, నాకు పెళ్ళయిన కొత్తలో కుట్టు నేర్పిన టీచరుగారి దగ్గరికి వెళ్ళాను. మా వీధి చివరే ఉంటారు. ముస్లింల ఇల్లు, మూడు తరాలుగా అందరిదీ కుట్టుపనే. లూజయిందని చెబితే ఆవిడ కుట్లు చూశారు, తిరగేసి చూశారు, ఎక్కడా వంక పెట్టలేదు. అప్పుడు కళ్ళజోడు తీసి, "కుట్టు బానే ఉందమ్మా. కొలిచింది మనిషినా, జాకెట్టునా?" అని అడిగారు.

ఆ జాకెట్టు జబ్బు చెయ్యకముందుది. రోజూ అదే ఇంట్లో, అదే బల్ల దగ్గర అత్తయ్యగారికి అన్నం పెడుతున్నాను. మనిషి నైటీలో అంతగా చిక్కిపోతే నేను చూడలేదు. సిగ్గేసింది. ఇంటిదాకా తలెత్తి నడవలేకపోయాను.

టేపు పట్టుకుని ఆవిడ గదిలోకి వెళ్ళాను. ఒక్కసారి లేచి నిలబడండి అత్తయ్యగారూ అన్నాను. వద్దంటారనుకున్నాను. ఏమనుకున్నారో, మంచం పట్టె పట్టుకుని లేచారు.

ఛాతీ కొలత తియ్యాలంటే ఎదురుగా నిలబడి చేతులు రెండూ ఆవిడ వెనక్కి పోనివ్వాలి. పోనిచ్చాను. నా చెంప ఆవిడ భుజానికి తగిలింది. కొబ్బరినూనె వాసన, పౌడరు వాసన. వీపున ఎముకలు వేళ్ళకి తెలుస్తున్నాయి. ఆవిడ కర్రలా బిగుసుకుపోయి ఊపిరి బిగబట్టారు.

"ఊపిరి వదలండి అత్తయ్యగారూ. లేకపోతే కొలత తప్పొస్తుంది."

వదిలారు. ఆ వదలడంలో బరువంతా నా మీదికి వాలింది. అలా ఎంతసేపున్నామో తెలీదు, టేపు మాత్రం వెనకాల రెండు కొసలూ నా చేతుల్లోనే ఉండిపోయింది.

"ఎంతొచ్చింది?" అన్నారు చివరికి. ముప్పై నాలుగని చెప్పాను. జాకెట్టు ముప్పై ఎనిమిది.

"అంత చిక్కిపోయానా?" అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ కుడిచేత్తో నా వీపు మీద రెండుసార్లు తట్టారు.

ఎడమభుజం కుడిదానికంటే అరంగుళానికి ఎక్కువే కిందికి జారింది. దానికి తగ్గట్టు విప్పి మళ్ళీ కుట్టాను. పక్కల పాత కుట్లు లోపలికి వెళ్ళిపోయాయి కానీ, ఛాతీ దగ్గర మడిచి కుట్టిన డాట్లు విప్పినచోట సూది గుర్తులు సన్నగా మిగిలాయి. పట్టు మీద అవి పోవు. పెళ్ళికి వెళ్ళేటప్పుడు, గుండుగొలను దాటేదాకా నా కళ్ళు ఆ గుర్తుల మీదే. ఆవిడ మాత్రం కారు అద్దం దించమని, ముందు వెళ్తున్న చేపల లారీ ఏ ఊరిదో చదవమని మావారిని అడుగుతున్నారు. పెళ్ళిలో ఎవరో ఆ గుడ్డ పట్టుకుచూసి ఏ షాపులో కుట్టించారని అడిగితే, "మా కోడలు కుట్టిందండి, కొలిచి కుట్టింది" అన్నారు. తమ్ముడుగారు పీటల పక్కన అక్కకి కుర్చీ వేయించి, పెళ్ళయ్యేదాకా కదలనివ్వలేదు.

నెల తిరక్కుండానే మరో చీర, ఈసారి నేతచీర, మిషను మీదికి వచ్చింది. పక్కన ఆది జాకెట్టు లేదు. నేను నోటుపుస్తకం తెరిచి, కొలతలన్నీ రాసిపెట్టుకున్నానండీ, మీరు లేవక్కర్లేదు అన్నాను.

ఆవిడ అప్పటికే లేచి నిలబడ్డారు. కుడిచెయ్యి పక్కకి ఎత్తి, ఎడమచెయ్యి ఎత్తగలిగినంత ఎత్తారు.

"మళ్ళీ కొలిచి చూడమ్మా" అన్నారు.

పుస్తకం మూసేసి టేపు తీసుకున్నాను.