బుద్రా అడిగిన ఎర్ర సీసా

1926వ సంవత్సరం. వానలు ఇంకా గట్టిగా పట్టుకోలేదు. సాలూరులో కొండదారి మొదలయ్యేచోట నాకు సీమ సరుకుల కొట్టు ఉండేది. ముందుగదిలో బిస్కట్ డబ్బాలు, లాంతరు గ్లాసులు, క్వినైను, సబ్బులు. వెనక చల్లటి గదిలో వైను సీసాలు. మా నాన్న ఒక దొర దగ్గర బట్లరుగా చేశాడు. సీసా ఎలా పట్టుకోవాలో, ఎలా పడుకోబెట్టాలో నాకు ఆయనే నేర్పాడు. కొండల్లో క్యాంపులు వేసే అడవి శాఖ దొరలు, సర్వే దొరలు, వాళ్ళకి విందులిచ్చి పనులు చేయించుకునే మనవాళ్ళు నా దగ్గర కొనేవారు.

బహుమానానికని సీసా కొనడానికి వచ్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళుమండేది. తనకోసం కొనుక్కునేవాడికి ఏం కావాలో తెలుసు. ఇంకొకరికి కొనేవాడు చీటీమీద బంగారు అక్షరాలు చూసి, "మంచిది ఇవ్వండి" అంటాడు. ఎవరికి మంచిది? అందుకని ముందు నేనే ప్రశ్నలు వేసేవాణ్ణి. తాగేది ఎవరు, భోజనంతోనా భోజనం అయ్యాకా, తీపి ఇష్టమా వగరు ఇష్టమా అని. ఆ తరవాతే సీసా తీసి కిటికీ వెలుగుకి పట్టేవాణ్ణి. వైను సీసా మెడదాకా ఉండాలి. కిందకి దిగిందంటే బిరడా ఎండి లోపలికి గాలి చేరిందన్నమాట. బిరడా చుట్టూ జిగురు కారిందంటే ఎక్కడో ఎండ తగిలిందన్నమాట. సాలూరు ఎండకి ఎంత గొప్ప వైనైనా పులిసి కూర్చుంటుంది.

ఒక సంతరోజున సుక్రా వచ్చాడు. పాచిపెంట పైకొండల్లో ఒక గదబ గూడెం అతనిది. ఏటా పసుపు దించి, మా కొట్టు ఎదురుగా అమ్ముకుని, ఉప్పు కొనుక్కుని పోయేవాడు. ఆరోజు లోపలికి వచ్చి, వెనకగది తలుపువైపు చూస్తూ నిలబడ్డాడు.

"బాబూ, ఎర్ర సారా సీసా ఒకటి కావాల. దొరలు తాగీది."

"నీకెందుకురా అది?"

"నాక్కాదు బాబూ. మా అన్నకి ఇవ్వాల."

నా అలవాటు నాది. "మీ అన్న ఎప్పుడు తాగుతాడు? అన్నంతోనా, పని దిగాకనా? ఏం పని చేస్తాడు?"

సుక్రా నావైపు వింతగా చూశాడు. "ఇప్పుడు ఏటి పని సేత్తాడు బాబూ? సచ్చిపోనాడు కదా."

నవ్వొచ్చింది కాని అతని మొహం చూసి ఆపుకున్నాను. కూర్చోబెట్టి అడిగితే అంతా చెప్పాడు. అన్న పేరు బుద్రా. అడవి శాఖ దొర ఒకాయన క్యాంపుకి కావడి మోసేవాడు. కిందటేడు ఘాటీలో చలిజ్వరం తగిలింది. దొర మంచివాడే. తన సీసాలోంచి ఎర్ర సారా గ్లాసులో పోసి స్వయంగా తాగించాడు. బుద్రా అది తాగి, ఇంకొంచెం కావాలన్నాడు. పోసేలోపల ప్రాణం పోయింది.

గదబల్లో చనిపోయినవాణ్ణి డుమా అంటారు. డుమా వెంటనే ఊరు విడిచి పోడు. ఇంటివాళ్ళ మధ్యే ఉండి, తనకి రావలసింది అడుగుతాడు. గురుమాయి అనే పూనకపు మనిషి మీదికి వచ్చి, ఆమె నోటితో మాట్లాడతాడు. బుద్రా కూడా వచ్చాడు. ఆ ఎర్ర సారా కావాలన్నాడు.

"మా గుంట గురుబారి నాలిక అట్టుకున్నాడు బాబూ. ఏటి ఎట్టినా మన్ను నాగుందని ఊసెత్తాది. అంబలి తాగదు, పండు తినదు. కర్రపుల్లయిపోనాది. ఇప్పసారా పోసినాం, జీలుగు కల్లు పోసినాం. అది కాదంతాడు. ఆడిదాడికి ఇచ్చెత్తే గుంటని ఒగ్గెత్తానన్నాడు."

కూతురు చచ్చిపోతుందని అతనికి తెలుసు. ఆ మాట మాత్రం నోట రానివ్వలేదు.

నాకు డుమాల మీద నమ్మకం లేదు. పిల్లకి పైత్యం చేసి ఉంటుందనుకున్నాను. ఆస్పత్రికి తీసుకురమ్మన్నాను. తీసుకొచ్చామని, మందు కూడా ఊసేసిందని చెప్పాడు. సరే, వాళ్ళ మనసు కుదుటపడితే పిల్ల తింటుందేమో అనుకుని పోర్ట్ సీసా ఒకటి ఎంచాను. పోర్ట్ అంటే బ్రాందీ కలిపిన తియ్యటి ఎర్ర వైను. ఆ కాలంలో జ్వరపడ్డవాళ్ళకి బలానికని డాక్టర్లు కూడా అదే పోయించేవారు. కాబట్టి దొర ఇచ్చింది పోర్టే అయి ఉంటుందని లెక్క వేశాను. సుక్రా దాన్ని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వెళ్ళాడు.

మళ్ళీ సంతకి ఖాళీ చేతులతో వచ్చాడు.

"కాదన్నాడు బాబూ. కోపం వొచ్చినాది. 'తీపి నీళ్ళు తెచ్చి నన్ను మోసం సేత్తారా? నాది నోరెండగట్టీది. గొంతుకలో గీరుకుంటా దిగినాది' అన్నాడు. గుంట ఇప్పుడు మంచినీళ్ళు కూడా ఊసెత్తన్నాది."

నోరెండగట్టేది, గొంతులో గీరుతూ దిగేది క్లారెట్. ఫ్రాన్సు నుంచి వచ్చే ఎర్ర వైను, తీపి బొత్తిగా ఉండదు. ఆ అడవి దొర ఎవరని అప్పుడడిగాను. నా దగ్గరే కొనేవాడు. తీపి ముట్టుకునేవాడు కాదు, ఎప్పుడూ క్లారెటే. ఎవరు తాగాలో అడిగాను కాని, ఎవరి సీసాలోంచి తాగాడో అడగలేదు. అయినా క్లారెట్ అంటే ఏమిటో సుక్రాకి తెలియదు, అతని గూడెంలో ఎవరికీ తెలియదు. గురుమాయి సాలూరు మొహమే చూడలేదట. మరి ఆ వగరు గురించి ఎవరు చెప్పారు?

నేనే వస్తానన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. భయం వేసింది, భయం వేసిందని సిగ్గు కూడా వేసింది.

ఉన్న క్లారెట్లలోకెల్లా మంచిది తీసి, తడిగోనె చుట్టి, ఒక గ్లాసూ కార్క్‌స్క్రూ సంచిలో వేసుకుని బయల్దేరాం. ఘాటీ అడుగుదాకా బండి, తరవాత నడక. పాత క్లారెట్‌కి అడుగున మడ్డి దిగి ఉంటుంది. కుదిపితే పైకి లేచి చేదెక్కుతుంది. అందుకని ఆ కొండంతా సీసాని నేనే మోశాను. గూడెం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. పొగమంచు లేదు, గాలి లేదు, ఒక్క కుక్క మొరగలేదు.

చనిపోయినవాళ్ళ పేర వేసిన రాతిపలకలు గూడెం మధ్యలో ఉన్నాయి. వాటి పక్కనే గురుమాయి కూర్చుని ఉంది. నారచీర, చెవులకి పెద్ద ఇత్తడి చుట్లు, చాలా ముసలిది. కుండమీద చేట బోర్లించి, దానిమీద విల్లు ఆనించి, డుమాని పిలుస్తూ పుల్లతో గీస్తోంది. తలుపు కిర్రుమన్నట్టున్న ఆ చప్పుడు ఎంతసేపటికీ ఆగలేదు. ఎదురుగా చాపమీద గురుబారి. పదేళ్ళుంటాయి. కళ్ళు తెరిచే ఉంది కాని ఎవరినీ చూడటం లేదు.

ఉన్నట్టుండి గీసే చప్పుడు ఆగింది. ముసలామె తల వాల్చి, మగగొంతుతో, "తెచ్చినారా?" అంది.

సుక్రా నావైపు చూశాడు. నేను కార్క్‌స్క్రూ దించి బిరడా లాగాను. తరవాత చేసింది నా చేతులు చేసిన పని, నా బుర్ర చేసింది కాదు. మా వృత్తిలో ఒక మర్యాద ఉంది. సీసా తెరిచినవాడు మొదటి గుక్క తన గ్లాసులో పోసుకుని రుచి చూడాలి. బిరడా ముక్కలుంటే తన గ్లాసులోకే పోతాయి, వైను చెడితే తనకే ముందు తెలుస్తుంది. మా నాన్న నన్ను చెవి మెలిపెట్టి నేర్పిన పని అది. పోసుకున్నాను, తాగాను.

చుట్టూ ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. సుక్రా నేలమీద కూలబడ్డాడు. "ఏటి పని సేసినావు బాబూ! డుమాకి పొయ్యకుండా నువ్వు తాగెత్తావా?"

వాళ్ళలో మొదటి చుక్క చనిపోయినవాడిది. బతికున్నవాడు ముందు తాగితే చనిపోయినవాడి వాటా తన మీదకి తెచ్చుకున్నట్టే. నాకా సంగతి అప్పుడు తెలియదు.

గురుమాయి నవ్వింది. పడుచువాడి నవ్వు.

"నాకంటే ముందు తాగినావు. సరే. నాకు నోరు నేదు, నువ్వు సెప్పు. ఎలగుంది?"

ఆ ప్రశ్న వెయ్యి మంది నన్ను అడిగి ఉంటారు. దానికి జవాబు చెప్పడమే నా బతుకుతెరువు. మొదలుపెట్టాను.

"మొదట పుల్లగా తగిలింది. నేరేడుపండు తొక్క నమిలినట్టు."

"ఊఁ."

"తరవాత నాలుక ఎండకట్టింది. పచ్చి కరక్కాయ కొరికినట్టు. గొంతులో గీరుతూ దిగింది. దిగాక కడుపులో వెచ్చన."

"ఊఁ. ఇంకా?"

చెబుతుంటే తెలిసింది. నేరేడు అన్నాక నా నోట్లో నేరేడు లేదు. వగరు అన్నాక వగరు లేదు. ఒక్కొక్క మాట బయటికి వచ్చినకొద్దీ ఆ రుచి నా నాలుకమీంచి తుడిచిపెట్టుకు పోతోంది. ఆపేద్దామనుకున్నాను. చాపమీద పిల్ల పెదవులు కదులుతున్నాయి. నేను ఆపితే అవీ ఆగిపోతాయనిపించింది.

"మొదటివాన పడ్డ మట్టి వాసన," అన్నాను. "అన్నిటికన్నా చివర, చాలా దూరంగా, కాస్త తీపి."

"అదే," అంది ఆ గొంతు. "అదే. అది అందీలోపల ఎల్లిపోనాను."

మిగతాది రాతిపలకమీద పోశాం. రాతిమీద తడి ఒక్క క్షణం కూడా నిలవలేదు. ముసలామె పక్కకి ఒరిగి గుర్రుపెట్టి నిద్రపోయింది. తల్లి గురుబారి నోటికి అంబలి దొప్ప అందించింది. పిల్ల ఒక గుక్క మింగి మొహం చిట్లించింది.

"అమ్మా, ఉప్పెయ్యనేదు."

తల్లి గుండె పగిలేలా ఏడ్చింది. నేను కూడా ఏడ్చాను, దాచుకోవలసిన పనేం లేదు.

కిందకి వచ్చాక కొట్టులో ఇంకో సీసా తెరిచాను. నీళ్ళు. ఇంకోటి, పోర్టు. అదీ నీళ్ళే. అన్నం, చారు, మామిడిపండు అన్నీ మామూలుగానే ఉన్నాయి. వైను మాత్రం నోట్లో తడి తప్ప ఏమీ కాదు. అలాగే వ్యాపారం చేశాను. కంటితో, ముక్కుతో, పాత జ్ఞాపకంతో సీసాలు ఎంచాను. ఎలా ఉంటుందని అడిగితే పాత మాటలే చెప్పేవాణ్ణి. ఎవరూ పసిగట్టలేదు. ఒక్కోసారి గది తలుపు మూసుకుని, గ్లాసు చేతిలో పట్టుకుని, బుద్రాని నోటికొచ్చినట్టు తిట్టేవాణ్ణి.

మరుసటేడు సంతకి సుక్రా గురుబారిని వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్ల బుగ్గలు పూడాయి. బుగ్గనిండా బెల్లం జీళ్ళు కుక్కుకుని, వేళ్ళు నాకుతూ నా గుమ్మం దగ్గర నిలబడింది. సుక్రా తల దించుకుని మాట్లాడాడు.

"బాబూ, మా అన్న మళ్ళీ వొచ్చినాడు. 'సావుకారు నన్ను తిడతన్నాడు, అడిగి రా' అన్నాడు. నీది నీకు కావాలంటే తిరిగిచ్చెత్తాడంట."

నా తిట్లు ఈ భూమ్మీద విన్నవాడు లేడు. భయపడ్డాను. అయినా ఆశ పుట్టింది, అబద్ధం ఎందుకు చెప్పాలి? "మరి అతనికి రుచి ఎలా తెలుస్తుంది?" అన్నాను.

సుక్రా పిల్లని దగ్గరికి లాక్కున్నాడు. కూతురి తలమీద చెయ్యి వేశాడు.

బహుమానానికి ఏ సీసా మంచిదని జీవితమంతా జనానికి చెప్పాను. ఇచ్చేవాడి చేతిలోంచి అది నిజంగా ఎప్పుడు వెళ్ళిపోతుందో ఆరోజుదాకా నాకు తెలియదు. గురుబారి ఇంకో జీడి నోట్లో వేసుకుంది.

"అక్కర్లేదని చెప్పు సుక్రా," అన్నాను. "ఆ సీసా నేను అతనికి ఇచ్చేశానని చెప్పు."