గాడి దాటిన అడుగు

2009 జులై 26, ఆదివారం, మధ్యాహ్నం 1 గంట 10 నిమిషాలకు, మా నల్లవారి పేట మామెలోడిలో తూర్పు వైపు వెళ్లే టాక్సీలో, లెసిబా మఫోటో ఒళ్లో ఉన్న రికార్డు మీద పక్కనున్న మనిషి పన్నెండున్నర కిలోల మొక్కజొన్న పిండి సంచి పెట్టాడు. అందులో అతని తప్పేమీ లేదు. పదిహేను మంది కూర్చున్న బండిలో పక్కవాడి మోకాళ్లు కూడా అరుగుల కిందే లెక్క. చప్పుడు చిన్నదే, ఎండుపుల్ల విరిగినంత. అట్ట చెక్కుచెదరలేదు, లోపల రికార్డు మాత్రం మూడు ముక్కలైంది.

ఓటిస్ క్రెంషా సాక్సొఫోన్, లూయెల్లా వేడ్ గాత్రం కలిసిన ఆల్బమ్ అది. రికార్డు మొదటి పక్కలో చివరి పాట పేరు ‘ఆవలి ఒడ్డు’. లూయెల్లా రెండు చరణాలు పాడి తప్పుకుంటుంది. ఆమె గొంతు ఆగినచోట క్రెంషా అందుకుని, చివరిదాకా ఒక్కడే వాయిస్తాడు. ఆమె మళ్లీ రాదు. లెసిబా ఆ రికార్డును 1971లో కొన్నాడు. మా సంఘంలో అందరం ఆ పాటకు ఆడడం అతని వెనక నిలబడే నేర్చుకున్నాం.

మా శ్రోతల సంఘం పక్షానికొక ఆదివారం ఒక సభ్యుడి పెరట్లో కూడుతుంది. సూట్లు, టోపీలు, ముఖం చూసుకోగలిగేలా మెరుగుపెట్టిన బూట్లు. సాక్సొఫోన్ మోగుతుండగా మాట్లాడకూడదు. ఎవరి ఆట వారిది, కాని రికార్డు ఎవరిదో వారు ముందు నిలబడతారు, మిగిలిన పాదాలు ఆ పాదాలను అనుసరిస్తాయి. హైస్కూలులో సైన్సు చెప్పి విరమించిన నాకు కార్యదర్శి పని అప్పగించారు; వేళలూ పాటల నిడివీ పుస్తకంలో రాసిపెడతాను. బడి ప్రయోగశాల నుంచి నాతో వచ్చిన స్టాప్‌వాచ్ అందుకు చాలు.

లెసిబా అంటే మా భాషలో ఈక. అప్పటికి అరవై ఎనిమిదేళ్లు. 1962 నుంచి 2001 వరకు రైల్వే కార్ఖానాలో, ఆగిన బండి పొడవునా నడుస్తూ ఒక్కొక్క చక్రాన్నీ పొడుగు పిడి సుత్తితో తట్టేవాడు. మంచి చక్రం గంటలా మోగుతుంది. పగులున్నది దగ్గినట్టు పలుకుతుంది. కాగితాల మీద అతను మొదటి ముప్పై ఏళ్లు కూలీయే. సంతకం తెల్లవారెవరో చేసేవారు, వినడం మాత్రం ఇతనే వినేవాడు. అటువంటి చెవి ఉన్న మనిషి, గీతపడిన రికార్డును ముప్పై అయిదేళ్లపాటు మార్చకుండా వాడడం మాలో చాలామందికి విచిత్రంగా తోచేది.

గీత ‘ఆవలి ఒడ్డు’లో 4 నిమిషాల 12 సెకన్ల దగ్గర ఉంది. అక్కడ ముల్లు ఒక గాడి దాటి లోపలి గాడిలో పడుతుంది. ఆ రికార్డు మూడు నిమిషాల్లో నూరు చుట్లు తిరుగుతుంది కనుక చుట్టుకు 1.8 సెకన్లు. పాట నడకను బట్టి లెక్కిస్తే అది దాదాపు సరిగ్గా నాలుగు దెబ్బల ఒక ఆవర్తం. అందుకే గీత వల్ల తాళం చెడలేదు. ఒక ఆవర్తం మాయమైంది, అంతే. ఆ చోట లెసిబా ఒక చిన్న గెంతు వేసేవాడు. గడప దాటినట్టు కుడిపాదం ముందుకు, ఆ వెంటనే ఎడమది. లేని సాక్సొఫోన్‌ను పొట్ట దగ్గర పట్టుకున్న రెండు చేతులూ ఆ క్షణంలో రొమ్ము దాకా లేచేవి. మేమంతా అలాగే గెంతేవాళ్లం. తర్వాత చేరినవాళ్లు అది పాటలోనే ఉందనుకునేవారు.

ఆగస్టు 16న లెసిబా పెరట్లోనే కూడిక. ఆ రోజుకు నగరానికి అటువైపున్న ఆటరిడ్జ్‌విల్ పేట సంఘం అతిథులుగా రావాలి. రికార్డు విరిగిన సంగతి విని వాళ్ల పెద్ద జొసాయా ఫాషా ఫోన్ చేశాడు.

“నా దగ్గరొకటుంది అబుతీ, పెళ్లికూతురిలా ఉంది, గీత లేదు. తెస్తాను. మీ వాళ్లు ఇన్నేళ్లకి పాట మొత్తం వింటారు.”

“తీసుకురా.”

“మధ్యలో ఒక ముక్క మింగేస్తారటగా మీరు.”

“ఆకలేసినప్పుడు మింగాం. నీ చేతికి తొడుగులు మర్చిపోకు.”

అబుతీ అంటే అన్న. వయసులో ఫాషాయే ఏడాది పెద్ద. అయినా ఆటలో ముందు నిలబడేవాడిని అలాగే పిలుస్తారు. ఫోన్ చేసిన రెండో రోజున తన రికార్డును క్యాసెట్‌లోకి ఎక్కించి అతనే పంపాడు.

సాధన మా ఇంట్లో సాగింది. మొదటిరోజు అలవాటైన కాళ్లు గాలిలోకి లేచాయి, పాట ఒక ఆవర్తం వెనకబడింది. లెసిబా నిలబడిపోయి, మెట్టు ఉందనుకుని అడుగేసినవాడిలా నేలవంక చూశాడు. తర్వాత ఆ ఖాళీలో ఎడమ మడమ మీద నెమ్మదైన ఒక చుట్టు పెట్టాడు. చాలా అందమైన చుట్టు అది, చెరువు మీద ఆకు తిరిగినట్టు. రెండోవారం చివరకు ఇరవై రెండుసార్లు ఆడితే ఇరవై రెండుసార్లూ తప్పులేకుండా వచ్చింది.

ఆగస్టు 8, శనివారం, కూడికకు కుర్చీలు లెక్కచూడడానికి వాళ్లింటికి వెళ్లాను. లెసిబా లేడు. అతని భార్య పెరట్లో దుప్పట్లు ఆరవేస్తోంది. పెద్దకూతురు పులానె పేరుతో ఆమెను అందరం మ్మాపులానె, అంటే పులానె తల్లి, అంటాం. సంఘం తమ ఇంట కూడినప్పుడల్లా వంట ఆమెదే. కాని ఆ పాట మొదలయ్యేసరికి వంటింటి తలుపు వేసుకునేది. ముప్పై అయిదేళ్లలో మాతో కూర్చుని ఒక్కసారి వినలేదు.

“టీచరూ, ఒక మాట. ఆ కొత్త రికార్డుతోనన్నా ఆ గెంతు మాన్పించండి.”

“మానేశాడమ్మా. చక్కగా చుట్టు తిరుగుతున్నాడు.”

“మీ ముందు తిరుగుతాడు. ఆ రోజు గెంతుతాడు. నాకు తెలుసు.” దుప్పటి చివర పట్టుకుని ఆగింది. “ఆ గీత ఎవరు గీశారనుకున్నారు? నేనే.”

1974 జూన్‌లో ఒక ఆదివారం. పులానెకు పద్నాలుగు నెలలు. ఒళ్లు కాలిపోతోంది. మా ఇళ్లలో జ్వరం ముప్పై ఎనిమిది డిగ్రీల సెల్సియస్ దాటితే తడిగుడ్డ, ముప్పై తొమ్మిది దాటితే క్లినిక్కు. పొరుగింటి నర్సు వచ్చి, పిల్ల చంకలో థర్మామీటరు పెట్టి, అంకె తల్లికి చూపించి దుప్పటి అందించింది. మ్మాపులానె ముందుగదిలోకి వెళ్లి భర్తను పిలిచింది. లెసిబా ఆడుతున్నాడు. “ఈ పక్క అయిపోనియ్యి” అన్నాడు. ఆమె రెండోసారి పిలవలేదు. రికార్డు మీద ఆనుతున్న ముల్లు కడ్డీని పట్టుకుని అడ్డంగా లాగింది.

“ఒక్క మాట అనలేదు. పిల్లని ఎత్తుకుని పరిగెత్తాడు. పిల్ల బతికింది. ఆ తర్వాత వారం రికార్డు పెడితే ముల్లు గెంతింది, ఈయనా గెంతాడు, గోడ ఇవతల నుంచి విన్నాను. తిడితే ఒకరోజుతో పోయేది, టీచరూ. ఈయన తిట్టలేదు, గెంతాడు. వంటింట్లో నాకు ఆ చప్పుడు వినిపిస్తుంది. మొదట్లో రెండు బూట్లు. ఇప్పుడు పన్నెండు మందివి. ఊరంతా కలిసి నన్ను అన్నట్టుంటుంది.”

కుర్చీలు లెక్కపెట్టి, లెసిబా వచ్చేదాకా ఉన్నాను. సాయంత్రం లెసిబా గుమ్మంలో కూర్చుని బూట్లకు మెరుగుపెడుతుంటే అన్నాను. “కూడిక నాడు గెంతకుండా పాట మొత్తం ఆడమంటోంది.”

“ఎవరు?”

“మ్మాపులానె.”

గుడ్డ ఆగింది. “ఆవిడే అడిగిందా?”

“ఆమే.”

“ఆ పాట సంగతి నాతో ఎప్పుడూ ఎత్తలేదు.” బూటును వెలుగుకు తిప్పి చూశాడు. “అయితే వచ్చి చూడమని చెప్పు. తలుపు తీసి.”

ఆ మాట ఆమెకు చేరవేశాను. ఆరిన దుప్పట్లు మడతపెట్టుకుని లోపలికి వెళ్లింది.

ఆగస్టు 16. ఆకాశం కడిగిన పింగాణీ రంగులో ఉంది. మా నేలలో ఆగస్టు దాకా ఉండే చలికాలపు ఎండ వెచ్చగా ఉందో లేదో తెలియకుండా భుజాల మీద వాలుతోంది; కొండ కింద ఎండుగడ్డి కాలిన పొగ నిశ్చలంగా, ఎవరో మరిచిపోయిన శాలువాలా పరచుకుని ఉంది. మేము పన్నెండుమందిమి, ఆటరిడ్జ్‌విల్ వారు తొమ్మిదిమంది. పులానె, ఇప్పుడు ముప్పై ఆరేళ్ల మనిషి, పోస్టాఫీసు ఉద్యోగి, అందరికీ అల్లం బీరు పోస్తోంది. ఫాషా తెల్లని తొడుగులతో రికార్డును అంచులు మాత్రమే తాకి పెట్టాడు. 3 గంటల 5 నిమిషాలకు ముల్లు దింపి, రికార్డు తనదైనా ముందు చోటు లెసిబాకే వదిలాడు.

లూయెల్లా గొంతు పెరడంతా నిండింది. నిద్రలోంచి లేపకుండా పిల్లను పక్కకు జరిపే తల్లి చేతిలా ఉంటుంది ఆ గొంతు. రెండు చరణాలూ నిలబడి విన్నాం. క్రెంషా అందుకున్నాడు, పాదాలు కదిలాయి. ఆటలో ఉన్నవాడికి నేల బరువు తెలియదు. ఎదుటివాడి టోపీ, గోడ మీది నీడ, గీతలు గీతలుగా లేచే ఎర్రదుమ్ము, అన్నీ ఒకే నీటిలో తేలుతున్నట్టు ఉంటాయి. ఆ నీటిలోంచి నేను వంటింటి వైపు చూశాను. తలుపు తెరిచి ఉంది. మ్మాపులానె గడపలో, చేతిలో గిన్నెల గుడ్డతో నిలబడి ఉంది.

4 నిమిషాల 12 సెకన్లు. లెసిబా ఎడమ మడమ తిరగలేదు. గడప వైపు ముఖం పెట్టి అతను గెంతాడు. చేతులు పొట్ట దగ్గరి నుంచి రొమ్ము దాకా లేచాయి. ఒక చేయి కింద, ఒక చేయి పైన, మధ్యలో కొంత బరువు ఉన్నట్టు. ముప్పై అయిదేళ్లుగా ఆమె ఆ గెంతు చప్పుడు విన్నది. ఆ చేతులను చూడడం ఇదే మొదలు.

మాలో ఎవరూ అనుకుని చేయలేదు, కాని అతని వెనక పదకొండు మందిమీ గెంతాం. అతిథులు పాటతోనే ఉండిపోయారు. అక్కడి నుంచి మేము సంగీతం కంటే ఒక ఆవర్తం ముందున్నాం. మా పాదాల దుమ్ము ముందు లేచేది, 1.8 సెకన్ల తర్వాత అదే అడుగుకు వాళ్ల దుమ్ము లేచేది. మూడు వందల మీటర్ల దూరంలో కొండ ఉంటే పిలుపు తిరిగి రావడానికి ఇంచుమించు అంత సమయమే పడుతుంది. పెరడు మధ్య ఆ కొండ ఉన్నట్టూ, మేము పిలుస్తుంటే వాళ్లు పలుకుతున్నట్టూ పాట ముగింపుదాకా సాగింది.

ఆఖరి అడుగు మేము ముందు వేశాం. లెసిబా టోపీ తీసి గుండెకు ఆనించుకుని నిలబడ్డాడు. క్రెంషా ఇంకా ఒక ఆవర్తం వాయించాడు. మా పాదాలు లేకుండా ఆ సంగీతాన్ని వినడం మాకు కొత్త. తర్వాత ముల్లు ఖాళీ గాడిలో గిరగిరమంది.

ఫాషా తొడుగులు విప్పుతూ నవ్వాడు. “సాక్సొఫోన్ కంటే ముందే అయిపోయారేంటి అబుతీ? ఏం, పొయ్యి మీద ఏమన్నా మాడుతోందా?”

“పిల్లకి జ్వరం,” అన్నాడు లెసిబా. “క్లినిక్కుకి పోవాలి.”

అతిథులు నవ్వారు. పులానె చేతిలో జగ్గుతో తండ్రి వంక చూసింది. గడపలో మ్మాపులానె గిన్నెల గుడ్డను ముఖానికి అద్దుకుంది.

“జ్వరమా?” ఫాషా వదల్లేదు. “ఎంతేంటి?”

లెసిబా నోరు తెరిచాడు. జవాబు మాత్రం అతని వెనక నుంచి, వంటింటి గడప నుంచి వచ్చింది.

“40.3.”