సోమేశ్వరరావు గారి 'ఊ'

మా సోమేశ్వరరావు గారికి ఉన్నది ఒక్కటే పిచ్చి. ఈ లోకంలో కొత్తగా కనిపెట్టినదేదీ లేదు. అన్నీ ఎప్పుడో పురాణకాలంలో జరిగిన మహాయుద్ధానికి ముందే మనవాళ్ళ దగ్గర ఉండేవి, యుద్ధంలో పోయాయి. ఆయన చెబుతుంటే వినేవాడు మాటమాటకీ 'ఊ' కొట్టాలి. కొట్టకపోతే కథ మళ్ళీ మొదటికి.

రాయదుర్గంలో ముప్పై రెండంతస్తుల ఆఫీసు భవనం. అందులో లిఫ్టులన్నిటికీ ఆయన సూపర్‌వైజరు, ఆయన కింద నేను. బీటెక్ రెండో ఏడాదిలో కాలేజీ మానేశాను. ప్రిన్సిపాల్ బోరబండలో మా ఇంటిదాకా వచ్చి బతిమాలాడు గానీ నేను కరగలేదు. అంతటి తెలివైనవాణ్ణి దొరికాననేమో, గ్రీజు పూయడానికి లిఫ్టు కిందుండే గోతిలోకి దిగానంటే చాలు, ఆయన పైన కూర్చుని మొదలుపెట్టేవారు.

"ఇమ్మాన్యుయేలూ, ఈ గుట్టల మీద బండరాళ్ళు ఒకదాని మీదొకటి ఎలా నిలబడ్డాయనుకున్నావు?"

"ఎట్ల సార్?"

"అవి రాళ్ళు కావయ్యా, మేడలు. ఇక్కడ తొంభై తొమ్మిది అంతస్తుల నగరం ఉండేది. శత్రువు అస్త్రం వేశాడు. కరిగి ముద్దలైపోయాయి. ఊ కొట్టు."

"ఉహూ."

"అయితే మళ్ళీ విను. ఈ గుట్టల మీద బండరాళ్ళు..."

ఆ నగరంలో వైఫై ఉండేదట. పాస్‌వర్డు కావాలంటే పన్నెండేళ్ళు తపస్సు చెయ్యాలి. ముఖం చూసి తెరుచుకునే తలుపులుండేవట. మా గేటు దగ్గర మిషను ఒకరోజు నా ముఖం గుర్తుపట్టకపోతే, "నీకేదో శాపం ఉందయ్యా" అన్నారు. మరి మణికొండ ట్రాఫిక్ సంగతేందని అడిగాను.

"అదీ అప్పటిదే. యుద్ధానికి బయల్దేరిన సైన్యం, ఇంకా చేరలేదు."

ఒక సోమవారం పొద్దున మూడో నంబరు లిఫ్టు పద్నాలుగో అంతస్తు దాటి, పదిహేను చేరకుండా ఆగిపోయింది. లోపల ఎవాంజెలిన్ అనే ఉద్యోగిని ఒక్కతే ఉంది. ఏడో నెల. బ్రేకు బిగుసుకుపోయింది, ఫ్యానూ ఆగిపోయింది. బ్రేకు విప్పాల్సిన కంపెనీ మెకానిక్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు.

"అంకుల్, ఊపిరాడట్లేదు" అంది లోపలినుంచి, సన్నగా.

సోమేశ్వరరావు గారు పద్నాలుగో అంతస్తులో లిఫ్టు తలుపు ముందు నేల మీద చతికిలబడ్డారు. "మెకానిక్ వచ్చేస్తున్నాడమ్మా. ఈలోగా ఒక లిఫ్టు కథ చెబుతాను. మీరు ఊ కొట్టాలండి."

నాకు తల కొట్టేసినట్టయింది. "సార్, ఆమె పరేషాన్ల ఉంటే ఇప్పుడు కథలేంది?"

ఆయన వినలేదు. "ఆ నగరంలో ఒక ఇల్లాలు లిఫ్టెక్కిందండి. అది మంత్రంతో నడుస్తుంది. సగం దారిలో నడిపేవాడు మంత్రం మరిచిపోయాడు."

"ఊ."

"కింద యుద్ధం మొదలైంది. మూడు వేల ఏనుగులు..."

"ఊ."

ఏనుగులు మూడు లక్షలయ్యాయి. ఊ పలచబడింది. ఒకసారి అసలు రాలేదు.

"ఆ ఏనుగులన్నిటికీ మీ టీమ్ లీడరే మావటివాడండి" అన్నారాయన గబుక్కున.

"అబద్ధం అంకుల్. ఆయనకి మా ఆరుగురితో పనిచేయించడమే చేతకాదు" అంది లోపలినుంచి, కోపంగా. గొంతులోకి ప్రాణం వచ్చింది.

అప్పుడు చూశాను. ఆయన చూపు చేతి గడియారం ముల్లు మీదుంది. ఒళ్ళో మడిచిన పేపరు కింద గునపం ఉంది.

పాతిక నిమిషాలకి మెకానిక్ వచ్చి లిఫ్టు దించాడు. ఎవాంజెలిన్ చెమటలతో గోడ పట్టుకుని బయటికొచ్చింది.

"ఇంతకీ ఆమె దిగిందా అంకుల్?"

"దిగిందమ్మా. మంత్రం గుర్తొచ్చింది."

"ఏంటది?"

"ఊ."

నవ్వుకుంటూనే ఆమె దవాఖానకు బయల్దేరింది, ఒకసారి చూపించుకోవడానికి. ఆయన గునపం తీసి నా చేతికిచ్చారు. "పది సెకన్లు ఊ రాకపోతే తలుపు పగలగొట్టేసేవాణ్ణయ్యా. ఉద్యోగం సంగతి తర్వాత."

"మరి నాతోని రోజూ ఎందుకు కొట్టిస్తరు సార్?"

"రోజూ ఎక్కడ? నువ్వు గోతిలో ఉన్నప్పుడేగా."

ప్రిన్సిపాల్ బతిమాలినా కరగనివాణ్ణి, గునపాన్ని అటూఇటూ తిప్పి చూశాను. "నేనెప్పుడూ ఉహూ అనేటోణ్ణి గద" అన్నాను.

"ఉహూ అన్నా నాకు సరిపోయేది."

మర్నాడు గోతిలోకి దిగాను. పైన కుర్చీ లాగిన చప్పుడైంది.

"ఊ" అన్నాను.

"నేనింకా మొదలే పెట్టలేదయ్యా" అన్నారాయన.