చిన్నాయన చేతి తూకం

పొద్దున గది ఊడుస్తుంటే తలుపు దగ్గరున్న సిమెంటు ముక్క కాలి బొటనవేలికి తగిలింది. నొప్పి కన్నా ముందు అసహ్యం పుట్టింది. సగం ఇటుక కన్నా చిన్నది, ఒక వైపు నున్నగా, ఒక వైపు గరుకుగా ఉంటుంది. గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకున్నాను. ఆల్బమ్ కోసం వచ్చే పెళ్లివాళ్లు అప్పుడప్పుడు అడుగుతారు, ఇంత శుభ్రమైన గదిలో ఇదేమిటని. కంప్యూటర్ పార్టు అంటాను. వాళ్లు నవ్వుతారు. నాకు మాత్రం నవ్వు రాదు, ఎందుకంటే అది నిజం.

అప్పట్లో సూర్యాపేటలో ఒక ఫొటో స్టూడియోలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసేదాన్ని. పనంటే ఇష్టమే, ఓనరంటేనే రోత. గుట్కా నములుతూ నా కుర్చీ వెనకే నిలబడేవాడు. తెర మీదికి వంగి, "ఇంక జర తెల్లగ చెయ్యమ్మా" అనేవాడు. ఆ తియ్యటి కంపు నా మెడ మీద పడేది. ఇంటికెళ్లి తలస్నానం చేసినా పోయేది కాదు. చామనఛాయ పెళ్లికూతుళ్లందరికీ గోడకు కొట్టినట్టు సున్నం కొట్టించి పంపేవాడు. మాడుగులపల్లి పిల్ల ఒకతె తన ఆల్బమ్ తిరగేసి, "గిది నేనేనా అక్కా?" అని అడిగితే తల ఎత్తలేకపోయాను. సొంతంగా ఒక కంప్యూటర్ కొనుక్కుని ఆ కుర్చీలోంచి లేవాలని ఆ సాయంత్రమే అనుకున్నాను. చీరలకు ఫాల్స్ కుట్టి దాచుకున్న డబ్బు ఒక్కటే ఆధారం. ఒక్కసారే కొనగలను. తేడా వస్తే మళ్లీ ఆ కంపులోకే.

ఆ డబ్బుకు కంపెనీ కంప్యూటర్ రాదు, విడిభాగాలు ఏరుకుని బిగించుకోవాలి. సూర్యాపేటలో కంప్యూటర్ షాపతను చిరాకు మనిషి, కానీ ఉన్నమాట చెప్పాడు. ర్యామ్ తక్కువైతే తర్వాత పెంచుకోవచ్చు, క్యాబినెట్ మామూలు రేకుదైనా నడుస్తుంది, పవర్ సప్లై డబ్బా దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదన్నాడు. గోడ కరెంటును మార్చి లోపలి సామానుకంతటికీ అందించేది అదే. దాని ధర వినగానే నా ముఖం వాడిపోయింది. ఆ సంగతి మిర్యాలగూడలో ఉండే మా చిన్నాయనకు ఫోన్లో చెప్పాను. "ఆగు బిడ్డా, నేనొస్త. చేతిల పట్టి సూడకుండ ఎట్ల కొంటవ్? కోదాడల నాకెరుకైన షాపున్నది, అగ్గువకిస్తడు" అన్నాడు.

చిన్నాయన చెయ్యి గురించి చెప్పాలి. రైసు మిల్లులో ధాన్యం కొనే పని ఆయనది. మిల్లు బయట ట్రాక్టర్లు బారుకట్టి ఉంటే, ఈయన ధాన్యంలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, పిడికిలి బిగించి, రెండు గింజలు కొరికి ఉమ్మేసి, "తేమున్నది, తరుగు తీస్త" అనేవాడు. అంటే బస్తాకు ఇంత అని తూకంలో కోత పడ్డట్టే. రైతు తువ్వాలుతో ముఖం తుడుచుకుని ఊరుకునేవాడు. ఆ చేతికి ఎదురు లేదు. మా ఇంట్లో ఉంగరం నుంచి గుమ్మడికాయ దాకా ఏది కొన్నా ఆ చేతిలో ఒకసారి ఆడాల్సిందే.

కోదాడ షాపులో కౌంటరు అద్దం మీద టీ మరకలు, వాటి మీద ఈగలు. చిన్నాయన అవేమీ పట్టించుకోలేదు. ర్యామ్ పట్టీని వేలి మీద ఆడించి, "గింత తేలికున్నది, దీంట్ల ఏమున్నదని గంత ధర?" అని సగానికి అడిగాడు. ప్రాసెసర్‌ను బిస్కెట్ ముక్కలా తిప్పి చూసి పెదవి విరిచాడు. షాపతను ఆయన్ని పూర్తిగా చదివేసి, లోపలి నుంచి రెండు పవర్ డబ్బాలు తెచ్చాడు. "మీరు పెద్దవారు బాబాయ్ గారూ, నేను చెప్పడం దేనికండి, చేత్తో పట్టుకుని చూడండి. సరుకుంటేనే కదండీ బరువుండేది" అన్నాడు. పేరున్న కంపెనీది తేలిక, పేరు విననిది బరువు, పైగా చవక. చిన్నాయన రెండు చేతుల్లో రెండింటినీ ఎగరేసి బరువైనదాన్ని నా ఒళ్లో పెట్టాడు. అందులో మిగిలిన డబ్బుతో అద్దం క్యాబినెట్, రంగుల లైట్ల ఫ్యాన్లు. ఇంటికి తెచ్చి అన్నీ బిగించి పెడితే రికార్డింగ్ డ్యాన్సు స్టేజీలా వెలిగింది. నాకు వెగటు పుట్టింది, చిన్నాయన మురిసిపోయాడు.

స్టూడియో మానేశాను. మాఘమాసం పెళ్లిళ్లు మొదలయ్యాయి. నా సొంత ఆల్బమ్ మొదటిది, పెళ్లికూతురి రంగు ఆమెకే ఉంచి సగం దాకా చేశాను. టప్‌మని చప్పుడు, కుళ్లిన చేపల్లాంటి వాసన. తెర ఆరిపోయింది, రంగుల లైట్లూ ఆరిపోయాయి. డబ్బా పోతూపోతూ మదర్‌బోర్డును కూడా కాల్చేసింది. చిన్నాయన మిర్యాలగూడ నుంచి వచ్చి పక్కన కూర్చుంటే డబ్బా స్క్రూలు నేనే విప్పాను. లోపల సన్నటి వైర్లు నాలుగు, అరచేతంత బోర్డు, మూలన గమ్ముతో అంటించిన ఈ సిమెంటు ముక్క.

చిన్నాయన దాన్ని పీకి అలవాటుగా అరచేతిలో ఎగరేశాడు. "ఎంత తెలివి పెట్టిండు బిడ్డా వీడు" అన్నాడు. గొంతులో కోపం కాదు, మెచ్చుకోలు. ఒక పనివాడు ఇంకో పనివాణ్ని మెచ్చుకున్నట్టు. కోదాడ వాడి మీద కన్నా ఆ మెచ్చుకోలు మీద నాకు ఎక్కువ అసహ్యం వేసింది. "నువ్వు తేమున్నదన్నప్పుడు రైతులు గూడ గిట్లనే నమ్మిండ్రు గద చిన్నాయనా" అనేశాను. ఆయన లేచి నల్లా దగ్గరికెళ్లి చాలాసేపు చెయ్యి కడుక్కున్నాడు. తుడుచుకుంటూ, నా వైపు చూడకుండా, "అన్నిసార్లు అబద్ధం గాదు బిడ్డా" అన్నాడు.

కోదాడ షాపతను బిల్లు లేదు, గ్యారంటీ లేదు పొమ్మన్నాడు. నేను మళ్లీ స్టూడియో కుర్చీలో కూర్చుని, మెడ మీద ఆ గుట్కా ఊపిరి భరిస్తూ, ఆ ఏటి పెళ్లికూతుళ్లందరికీ సున్నం కొట్టాను. ఆ డబ్బుతో కొత్త బోర్డూ, సూర్యాపేట షాపతను మొదట చెప్పిన పవర్ డబ్బా అతను చెప్పిన ధరకే కొని, మళ్లీ లేచాను. చిన్నాయన ఇప్పుడు ఇంట్లోనే ఉంటాడు. మిల్లులో తేమ చూడటానికి మిషన్ వచ్చింది, ఆయన చెయ్యి ఎవరికీ అక్కర్లేదు. ర్యామ్ మార్చాను, ఫ్యాన్లు అరిగిపోయాయి, అద్దం పగిలింది, ప్రాసెసర్ ఎప్పుడో పాత సామానులో పోయింది. ఆ రోజు కోదాడలో ఏరికోరి కొన్నవాటిలో ఇన్నేళ్లకూ ఏమీ కాకుండా మిగిలింది ఈ ముక్క ఒక్కటే.