తాత సన్నాయి, బ్యాడిగి కాయలు

వేణువు నేర్చుకోవాలా, సన్నాయి నేర్చుకోవాలా అన్న చిన్న విషయం తేల్చుకోలేక ఇంటిల్లిపాదినీ వణికించిన ఘనుణ్ణి నేను. ఆ ఘనకార్యంలో నా కింది పెదవి ఎలా బలైపోయిందో చెబుతాను. నవ్వుకోండి, అభ్యంతరం లేదు. ఇంట్లో ఒక్కరే ఉంటే మాత్రం వీధి తలుపు తీసిపెట్టుకుని చదవండి.

డిగ్రీ పూర్తి చేసి, పొదిలి దగ్గర మా పల్లెలో ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న రోజులవి. చీరాలలో ఒక మాస్టారు రెండు వాయిద్యాలూ నేర్పుతారని వెళ్ళాను. "రెండూ ఒకేసారి కుదరదు బాబూ. ఆదివారం మీ ఊరి మీదుగానే వెళ్తున్నా, ఇంటికొస్తా. ఈలోగా ఒకటి తేల్చుకో" అన్నారాయన.

నా మనసు వేణువు మీదే ఉంది. తేలిక, పైగా ఫొటోలో బాగుంటుంది. దారిలోనే ఒకటి కొనేశాను కూడా. చిక్కల్లా మా తాత సన్నాయితో వచ్చింది. ఆయన పోయినప్పటి నుంచి అది మిరప బస్తాల గదిలో మేకుకు వేలాడుతోంది.

"నువ్వు ఊదనంటే మార్టూరు మేళం వాళ్ళకిచ్చేస్తా. ఊదేవాళ్ళు లేని ఇంట్లో అదెందుకు?" అంది నాయనమ్మ. అనేసి చాలాసేపు ఆ గది వైపే చూస్తూ కూర్చుంది. అయినా వేణువే అనుకున్నాను.

మిరప కోతల కాలం కావడంతో పగలంతా ఊరు ఊరంతా పొలాల్లోనే. మధ్యాహ్నం రెండింటికి వసారాలో కూర్చుని వేణువు ఊదబోతుంటే, తాళం వేసిన బస్తాల గదిలోంచి సన్నగా ఒక నాదం మొదలైంది. ఊఁ... అంటూ శ్రుతి పట్టినట్టు ఒకటే తీరు. ముక్కుకి తడి తువ్వాలు కట్టుకుని తలుపు తీశాను. ఆగిపోయింది. బస్తాలు, మేకుకు సన్నాయి, అంతే. తలుపు మూశాను. మళ్ళీ ఊఁ...

మర్నాడూ సరిగ్గా రెండింటికే. నేను వేణువు ఊదితే అది ఆగుతుంది. నేను ఆపితే అది అందుకుంటుంది. లోపల ఎవరో నా వాయింపు విని పెదవి విరుస్తున్నట్టుంది. మూడోరోజూ అంతే.

నాయనమ్మకి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మీ తాత అన్నం తిని సాధనకి కూర్చునేది రెండింటికేరా" అంది నెమ్మదిగా. "కల్లంలోంచి గుప్పెడు కాయలు పట్రా, దిష్టి తీస్తా."

మా వైపు ఇది అందరికీ తెలిసిన పరీక్ష. ఎండుమిరపకాయలు తిప్పి నిప్పుల్లో వేస్తే ఘాటుకి దగ్గు రావాలి. రాకపోతే ఏదో గట్టిగానే పట్టుకున్నట్టు లెక్క. నేను పరుగున వెళ్ళి ఎర్రగా నిగనిగలాడుతున్న కాయలు ఏరి తెచ్చాను. నాయనమ్మ వాటిని నా చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేసింది. ఇద్దరం కళ్ళు మూసుకుని దగ్గు కోసం ఎదురుచూశాం. దగ్గు రాలేదు. పొయ్యి పక్కన పడుకున్న పిల్లి కూడా కదల్లేదు.

"ఇది దిష్టి కాదురా. ఆయనకి కోపమొచ్చింది" అంది నాయనమ్మ.

ఆదివారం మాస్టారు రాగానే చేతులు కట్టుకుని చెప్పాను. "వేణువు వద్దండీ. మా తాత సన్నాయే నేర్చుకోమంటున్నాడు."

"మీ తాతగారు పోయారన్నావుగా?"

"పోయాడండీ. అయినా అంటున్నాడు."

మాస్టారు కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నారు. నేను బస్తాల గదిలోంచి సన్నాయి దించి తెచ్చి, కళ్ళకద్దుకుని, ఊదే పీక దాని మూతికి బిగించి, ఒంట్లో ఉన్న గాలంతా ఊదాను. అవతలి కొసలోంచి బొటనవేలంత నల్ల తుమ్మెద ఒకటి బయటికొచ్చింది. మాస్టారు, నాయనమ్మ ఎదురుగానే ఉండగా అది తిన్నగా నా దగ్గరికే వచ్చి కింది పెదవి మీద కుట్టి, కిటికీలోంచి వెళ్ళిపోయింది.

అప్పుడే కల్లం నుంచి వచ్చిన నాన్న, గూట్లో మిగిలిన దిష్టి కాయల్ని చేతిలోకి తీసుకున్నాడు. "ఇవెక్కడివిరా?"

"కల్లంలోవే" అన్నాను వాచిన మూతితో.

"మన కల్లంలో ఉన్నవి తేజ కాయలు. నిప్పులో ఒక్కటేసినా వీధి వీధంతా దగ్గుద్ది. ఇయ్యి మన పక్కనే ఆరబోసిన పక్కోళ్ళ బ్యాడిగి కాయలు. రంగే గానీ కారం ఉండదు. ఆ మాత్రం తెలీదా? రైతు కొడుకువేనా నువ్వు?"

మాస్టారు లేచారు. "వేణువుకైనా సన్నాయికైనా పెదవి కావాలి బాబూ. అదొచ్చాక ఫోన్ చెయ్యి."

సిగ్గుతో చచ్చిపోయాను. ఇక వేణువే అని తేల్చేశాను. ఇంకేమైనా ఉందేమోనని నాన్న సన్నాయి లోపలికి టార్చి వేసి చూశాడు, పుల్ల పెట్టి తిప్పాడు. ఖాళీ. నాయనమ్మ దాన్ని తాత పాత పంచెలో చుట్టి, రెండు కొసలూ గట్టిగా ముడివేసి మంచం మీద పెట్టింది. మర్నాడు సాయంత్రం మార్టూరు వాళ్ళు వచ్చి తీసుకెళ్ళాలి.

మర్నాడు ముగ్గురం భోజనాలు చేస్తున్నాం. గడియారంలో రెండయింది. మూటలోంచి ఊఁ... అని వినిపించింది.

నాన్న చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఇంకో తుమ్మెదేమో" అన్నాడు.

"లోపల టార్చి వేసి చూసింది నువ్వే కదా నాన్నా."

నాయనమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి ముడులు విప్పింది. సన్నాయి బోర్లించి దులిపింది. ఏమీ రాలలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, "మార్టూరు వాళ్ళని రావద్దని చెప్పు" అంది.

వాచిన పెదవితోనే రెండు ఫోన్లు చేశాను. ఒకటి మార్టూరుకి, రెండోది చీరాల మాస్టారికి. ఇప్పుడు రోజూ రెండింటికి సన్నాయి నేనే ఊదుతున్నాను. మూటలోంచి వచ్చిన ఆ నాదం మళ్ళీ వినపడలేదు. నిప్పుల సాక్షిగా ఆనాడే ప్రమాణం చేశాను: పెద్దవాళ్ళు ఒకసారి చెప్పిన మాటని రెండోసారి చెప్పించుకోను, మిరపకాయలు మాత్రం నాన్నకి చూపించకుండా నిప్పులో వెయ్యను.