మంచు టైరు, ఇసుక టైరు, అమ్మ కారు

నా చిన్నప్పుడు ఏసీ చప్పుడు ఆగిపోయిన రోజే మాకు చలికాలం మొదలైనట్టు. కువైట్‌లో, అబూ హలీఫాలోని మా ఫ్లాటులో ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ చప్పుడు మధ్యనే మాట్లాడుకునేవాళ్లం. అది ఆగిన ఉదయం ఇల్లు కొత్తగా వినిపించేది. కిటికీలు తెరిస్తే సముద్రపు గాలి నేరుగా వంటగదిలోకి వచ్చేది. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన నాన్న స్నేహితులు శుక్రవారాలు ఎడారిలో గుడారం వేసి మటన్ వండుకునే ఏర్పాట్లు మొదలుపెట్టేవారు. నాకు పదేళ్లున్న ఏడాది ఆ సంబరానికి ఇంకొకటి తోడైంది. మా అమ్మకు డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది.

ఆ లైసెన్సు అవసరం ఎంతటిదో చెప్పాలి. అమ్మ మిష్రిఫ్‌లోని ఒక చిన్న క్లినిక్కులో ల్యాబ్ టెక్నీషియను. ఉద్యోగులను తీసుకెళ్లే వ్యానును, అక్కడ పనివారం మొదలయ్యే ఆదివారం నుంచి ఆపేస్తున్నామని క్లినిక్కు వాళ్లు చెప్పేశారు. రోజూ టాక్సీ పెట్టుకుంటే జీతంలో మిగిలేదేమీ ఉండదు. నాన్న పని సబ్హాన్‌లోని ఒక గోదాములో. తెల్లవారకముందే కంపెనీ బస్సు ఎక్కేవాడు కాబట్టి అమ్మను దింపే వీలు లేదు. ఇక మిగిలినవి రెండే దారులు. మా పాత కారును అమ్మ సొంతంగా నడుపుకుంటూ వెళ్లాలి, లేదంటే ఉద్యోగం మానుకోవాలి.

కారు ఉంది, లైసెన్సు ఉంది. అడ్డం పడినవి టైర్లే. ఆ కారు వారంలో ఎక్కువ రోజులు ఎండలోనే నిలబడి ఉండేది. గాడుల లోతు చూసి ఇంకా బాగానే ఉన్నాయనుకున్నాం. కానీ ఒకరోజు నాన్న వంగి చూస్తే టైర్ల పక్కలు ఎండిన రొట్టె అంచులా బీటలిచ్చి ఉన్నాయి. వేసవి వాటిని లోపలి నుంచి కాల్చేసింది. "గీ టైర్ల మీద నిన్ను హైవే ఎక్కనియ్య. కొత్తయి ఏపిచ్చినంకనే చాబీ ఇస్త" అన్నాడు నాన్న. అమ్మ సరేనంది. గురువారం సాయంత్రం టైర్లు కొనాలని నిర్ణయమైంది.

ఆ వారమంతా నేను నిలవలేకపోయాను. చలికాలం వచ్చేసింది కనుక కొనబోయేవాటిని ఇంట్లో చలికాలపు టైర్లు అనేవాళ్లం. ఆ మాట వినగానే నా మనసు మంచు కొండల మీదికి పోయింది. బడిలో ఒక స్నేహితురాలు చూపించిన వీడియోలో ఒక కారు తెల్లని దారి మీద కొంచెం కూడా జారకుండా మెల్లగా పైకి ఎక్కుతుంది. దాని టైరు మీద మూడు శిఖరాల కొండ, కొండలో ఒక మంచు పువ్వు గుర్తు ఉంటుంది. ఆ గుర్తు మా కారుకు ఉండాలని నేను తీర్మానించుకున్నాను. నాన్న మనసులో ఉన్నది వేరు. చలికాలం అంటే ఆయనకు గుడారాలు, గుడారాలంటే ఇసుక. పెద్ద పెద్ద రబ్బరు దిమ్మలున్న ఎడారి టైర్లు వేయిస్తే శుక్రవారాలు ఎవరి జీపు కోసమూ ఎదురుచూడనక్కర్లేదు. ఇంట్లో భోజనాల దగ్గర మా ఇద్దరి వాదన నాలుగు రోజులు నడిచింది. అమ్మ అన్నం వడ్డిస్తూ వినేది.

గురువారం మాతో పాటు పక్కింటి పెద్దమ్మ కూడా బయలుదేరింది. ఆమెది రాయచోటి. మిష్రిఫ్‌లో ఒక కువైటీ విల్లాలో పిల్లలను చూసుకునేది. ఆ సాయంత్రం వాళ్లింట్లో విందు ఉండడం వల్ల మళ్లీ రమ్మన్నారు. సబ్హాన్ దారిలోనే కదా, టైర్లు వేయించుకుని దింపేస్తామని అమ్మ కారెక్కించింది. పాత టైర్ల మీద నాన్నే మెల్లగా నడిపాడు. పెద్దమ్మ ఒళ్లో ఖర్జూరాల డబ్బా, చేతిలో ఆగకుండా మోగే ఫోను. విల్లా యజమానురాలిని ఆమె అక్కడి అలవాటు ప్రకారం మామా అనేది. "మామా ఫోన్ జేస్తానే ఉండాది. పది నిమిసాల్లో వస్తానని సెప్పినా. ఆ పది నిమిసాలు ఎప్పుడు మొదులయ్యేదీ సెప్పలేదు" అని నవ్వింది.

సబ్హాన్‌లోని టైర్ల దుకాణం చూడగానే నాకు జాతరకు వచ్చినట్టు అనిపించింది. కొత్త రబ్బరు వాసన, గాలి పంపుల బుసలు, పైకప్పు దాకా పేర్చిన నల్లని వలయాలు. ఈజిప్టు దుకాణదారుడు మా కారు కొలత చూసి మొదట నాన్న అడిగిన ఇసుక టైరును దొర్లించుకుంటూ తెచ్చాడు. నేను మంచు పువ్వు గురించి అడిగాను. ఆయన కళ్లు మెరిశాయి. చలికాలంలో మంచు కురిసే దేశానికి కారులో వెళ్దామని ఎవరో నాలుగు తెప్పించుకుని, ప్రయాణం మానుకున్నారట. మా కొలతే, చవకగా ఇస్తానన్నాడు. లోపలి నుంచి దాన్ని తెచ్చి నా ముందు నిలబెట్టగానే నేను ఆ గుర్తు మీద వేలు పెట్టాను. వీడియోలో చూసినదే. నిజంగా ఉంది.

ఇక ఇంట్లో నడిచిన వాదన దుకాణంలో గొంతు పెంచింది. నాన్న ఇసుక టైరు పక్కన, నేను మంచు టైరు పక్కన. చెప్పిన మాటే మళ్లీ మళ్లీ చెప్పుకున్నాం. దుకాణదారుడు గడియారం చూసి "యల్లా, యల్లా" అని తొందరపెట్టాడు. బయట ఆకాశం నల్లబడుతోంది. అమ్మ కారుకు ఆనుకుని నిలబడి ఆ ఆకాశాన్నే చూస్తోంది.

అప్పుడు పెద్దమ్మ ఖర్జూరాల డబ్బా మూత తీసింది. "నాకు టైరంటే గుండ్రంగా ఉంటాదని తప్ప ఏం తెలీదు. ఏది మేలో నేను సెప్పలేను. కానీ మా విల్లాలో ఇద్దురు పిలకాయలుండారు. వాళ్లు కొట్లాడుకుంటే నేను ఒకటే పని జేస్తా. వాని మాట వీడు సెప్పల్ల, వీని మాట వాడు సెప్పల్ల. బాగా సెప్పినోనికే ఖర్జూరం. ఇప్పుడు నువ్వు పాప టైరు గురించి సెప్పు తమ్ముడూ. పాపా, నువ్వు మీ నాయన టైరు గురించి సెప్పు."

నాన్న చుట్టూ చూశాడు. "గిదేం ఆటక్కా, దుకాన్ల?"

"సెప్పలేకపోతే సెప్పలేనను. పాపకే ఇచ్చేస్తా ఖర్జూరం."

ఆ మాట నాన్నకు తగిలింది. గొంతు సవరించుకుని మంచు టైరు పక్కకు వచ్చాడు. నిజం చెబుతున్నాను, నాలుగు రోజులుగా నేను చెప్పలేకపోయినది ఆయన రెండు నిమిషాల్లో చెప్పాడు. "మామూలు రబ్బరు గడ్డకట్టే చలిల కట్టెలెక్క బిగుసుకపోతది. గిది బిగుసుకపోదు. మెత్తగుంటది. గీ సన్న చీలికలు సూడుండ్రి, ఒక్కొక్కటి మంచును పండ్లతోని కరిసినట్టు కరుస్తది. కింద మంచు ఎంతుంటే గంత పట్టు." అక్కడ ఆగాడు. టైరును బొటనవేలితో నొక్కి చూశాడు. "గింత మెత్తగున్నది, మే నెల రోడ్డు మీద గిదేమైతదో" అన్నాడు తనలో తాను. తన ప్రత్యర్థి టైరును పొగడడానికి దాన్ని మొదటిసారి ముట్టుకున్నాడు. ముట్టుకున్నాకే దాని బలహీనత ఆయన వేలికి తెలిసింది. నా వేలు అప్పటిదాకా ఆ మంచు పువ్వు గుర్తును దాటి పోలేదు.

నా వంతు వచ్చింది. ఇసుక టైరు మీద చెయ్యి వేశాను. ఓడిపోకూడదన్న పట్టుదలతో నాన్న చెప్పిన కారణాలన్నీ ఆయనకంటే బాగా చెప్పాలనుకున్నాను. దిమ్మలు పెద్దవి కనుక ఇసుకలో కూరుకుపోదన్నాను. పక్కలు మందంగా ఉన్నాయి కనుక రాళ్లు గుచ్చుకోవన్నాను. ఈ టైరు ఉంటే కారు ఎవరి సాయం లేకుండా గుడారం ముందు ఆగుతుందన్నాను. ఆ ఊపులో, రోజూ క్లినిక్కు ముందు కూడా ఆగుతుందని చెప్పబోయి తడబడ్డాను. ఆ మాటకు కారణం దొరకలేదు.

"అమ్మా, క్లినిక్కు ముందర ఇసుక ఉంటదా?"

అందరూ అమ్మ వైపు తిరిగారు. నాలుగు రోజులలో ఆమెను మేము అడిగిన మొదటి ప్రశ్న అది.

"ఉండదు బిడ్డా, తారు రోడ్డే" అంది అమ్మ. "ఇసుక లేదు, మంచు లేదు. సలికి నేను భయపడ. నాకు భయం వానకు. ఏడాదంత దుమ్ము, నూనె పడ్డ రోడ్డు మీద మొదటి చినుకు పడితే సబ్బు రాసినట్టైతది. గా టైంకు నేను ఒక్కదాన్నే ఉంట. బ్రేకు కొడితే ఆగాలె. నాకు గంతే కావాలె."

"వాన యాడిదే ఇప్పుడు, నవంబర్‌ల?" అన్నాడు నాన్న. అన్నాక ఆయనకే తట్టింది. తలెత్తి ఆకాశం చూశాడు. నాన్నలా జగిత్యాలలో పెరిగినవాళ్లకు వానకాలం వేరు, చలికాలం వేరు. అవి రెండు వేర్వేరు పెట్టెల్లో ఉంటాయి. కువైట్‌లో ఆ రెండూ ఒకే పెట్టె. ఇక్కడ పడే నాలుగు చినుకులూ చలికాలంలోనే పడతాయి. అన్నేళ్లు ఇక్కడ బతికిన నాన్న కూడా చలికాలపు టైరు అనగానే ఊరిలో లాగే వాన లేని చలికాలాన్నే ఊహించుకున్నాడు. నేను వీడియోలోని చలికాలాన్ని ఊహించుకున్నాను. కారు నడపబోయే మనిషి ఎదుర్కొనే చలికాలం ఏదో మా ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

పెద్దమ్మ మా ముగ్గురికీ ఖర్జూరాలిచ్చింది. "ఎవురు గెలిసినారు పెద్దమ్మా?" అని అడిగితే, "గెలిసేది ఏముండాది, టైరు ఇంగా రాలా గదా" అని దుకాణదారుడి చేతిలోనూ ఒకటి పెట్టింది.

ఆయన ఈసారి మూడో రకం తెచ్చాడు. చూడడానికి ఏ ప్రత్యేకతా లేని రోడ్డు టైరు. చుట్టూ నాలుగు లోతైన గాడులు, నీటిని పక్కలకు తోసేయడానికి వాటి నుంచి ఏటవాలుగా చీలిన కాలువలు. కువైట్ ఎండకు తట్టుకునే గట్టి రబ్బరు. నేను, నాన్న వెంటనే తలూపాం. అమ్మ మాత్రం కూర్చుని టైరు పక్కభాగం చదవడం మొదలుపెట్టింది. తయారైన వారం, సంవత్సరం చెప్పే అంకెలు అక్కడ అచ్చువేసి ఉంటాయి. ల్యాబులో తేదీ చూడకుండా ఏ సీసా మూతా తీయని చెయ్యి అది. "ఇది పాతది. దుకాన్లనే రెండెండలు తిన్నది. కొత్తయి తెమ్మను." దుకాణదారుడు "జదీద్, జదీద్" అని ప్రమాణం చేశాడు. కొత్తదేనట. అమ్మ అంకెల మీద వేలు పెట్టి అలాగే కూర్చుంది. చివరికి ఆయన "ఖలాస్" అని నవ్వి, లోపలి గోదాములోంచి వేరే నాలుగు తెచ్చాడు.

చక్రాలు బిగించేసరికి వాన మొదలైంది. ఎంత సంతోషం వేసిందో ఇప్పటికీ చెప్పలేను. పరీక్ష తనంతట తానే మా దగ్గరికి వచ్చినట్టనిపించింది. నాన్న జేబులోంచి తాళంచెవి తీసి, ఒక్క క్షణం దాన్ని చూసి, అమ్మకిచ్చాడు. వెనక సీటులో నా పక్కన కూర్చుని, తలుపు పైనున్న పిడిని రెండు చేతులతో పట్టుకున్నాడు. ముందు సీటులో పెద్దమ్మ ఫోనులో "వస్తా ఉండా మామా, ఇదో వచ్చేసినా" అంటోంది. మేము మిష్రిఫ్ వైపు బయలుదేరాం. అది ఆదివారం నుంచి ఆమె రోజూ వెళ్లవలసిన దారి.

రోడ్డు అద్దంలా మెరుస్తోంది. ఎర్ర దీపాలన్నీ నీళ్లలో కారిపోతున్నట్టున్నాయి. కొత్త టైర్లు జారుతాయి, మెల్లగా పోనివ్వమని దుకాణదారుడు చెప్పిన మాట పట్టుకుని అమ్మ మెల్లగానే నడుపుతోంది. ఒక సిగ్నలు దగ్గర ముందున్న పెద్ద బండి హఠాత్తుగా ఆగింది. అమ్మ బ్రేకు తొక్కింది. నేను ముందు సీటును పట్టుకున్నాను. కారు తిన్నగా, ఏ పక్కకూ ఒరగకుండా, ముందు బండికి చాలా దూరంలో నిలబడిపోయింది.

"ఆగింది" అంది అమ్మ, స్టీరింగు వదలకుండా.

"ఆగింది" అన్నాడు నాన్న వెనక నుంచి. పిడి మీది చేతుల్లో ఒకటి కిందికి దించాడు.

"ఆగితే ఆగింది గానీ, పచ్చ దీపం పడింది, పోనీ తల్లీ" అంది పెద్దమ్మ.

ఆదివారం అమ్మ ఒక్కతే వెళ్లింది. ఇప్పటికీ అదే క్లినిక్కులో పనిచేస్తోంది. నేను హైదరాబాద్‌లో చదువుకుంటూ కాలేజీ చర్చా పోటీల్లో మాట్లాడుతున్నాను. అక్కడ మాకు పక్షాన్ని నాణెం ఎగరేసి నిర్ణయిస్తారు. నేను నమ్మని పక్షం వస్తే నాకు ఉత్సాహం ఎక్కువ. ఎందుకని జూనియర్లు అడుగుతుంటారు. ఎదుటివాళ్ల టైరు పక్కన నిలబడి దాన్ని బొటనవేలితో నొక్కి చూసే అవకాశం వేరే ఎక్కడ దొరుకుతుందని అంటాను. వాళ్లకు అర్థం కాక నవ్వుతారు. అప్పుడు ఈ కథంతా చెప్పవలసి వస్తుంది. చెప్పిన ప్రతిసారీ, మేము వాదించుకుంటుంటే ఒక మనిషి కారుకు ఆనుకుని ఆకాశం చూస్తూ నిలబడిన దగ్గర నా గొంతు కాస్త నెమ్మదిస్తుంది. ఏ అంశం మీదైనా కాగితం మీద నా మొదటి వాక్యం రాసుకునే ముందు, దాన్ని నడపబోయేది ఎవరో, వాళ్లను అడిగామో లేదో చూసుకోవడం నాకు అలవాటైంది.

కిందటి నెల అమ్మ ఫోన్ చేసింది. మళ్లీ టైర్లు మార్చాలట, రెండు రకాలు చూసిందట. ఫొటోలు పంపి, "ఏది మంచిదో సెప్పు బిడ్డా, నువ్వు చర్చలు జేస్తవు గదా" అంది. ఫొటోలు తెరవకముందే అడిగాను. "అమ్మా, ఈ ఏడు నీకు దేనికి భయం?"

అటు పక్క అమ్మ నవ్వడం వినిపించింది. తర్వాత చాలాసేపు చెప్పింది. నేను విన్నాను.